తెరకు ముందు మూడు వరుసలు

మధ్యలో ఒకే నడవ ఉండే చిన్న విమానాలలో ఒక విశేషం ఉంది. ముందు తలుపు గుండా లోపలికి వచ్చిన ప్రతివారూ బిజినెస్ క్లాస్ వరుసల మధ్యనుంచే వెనక్కి నడవాలి. మా అబ్బా ఇరవై మూడేళ్ళ పాటు ఆ వరుసలను దాటుకుంటూ వెనక్కి నడిచారు. భుజాన సంచి, చేతిలో పాస్‌పోర్టు, చంకలో పిల్లల కోసం కొన్న బొమ్మల పొట్లం. అప్పటికే కూర్చుని పళ్ళరసం తాగుతున్నవారికి సంచి తగలకుండా ఒక పక్కకు ఒదిగి నడిచేవారు. "వాళ్ళ ముఖాలు ఎప్పుడూ చూడలేదు నాయనా, కాళ్ళే చూసినాను. ఎంత బాగా చాపుకొని కూర్చుంటారో!" అని ఒకసారి నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వుతూ అన్న మాట నా మనసులో మాత్రం నవ్వులాటగా మిగలలేదు.

మొన్న జనవరిలో అబ్బా కువైటు ఉద్యోగం ముగించుకుని శాశ్వతంగా ఇంటికి వచ్చేశారు. ఆ చివరి ప్రయాణంలో ఆయనను ఆ ముందు వరుసలో కూర్చోబెట్టాను. పక్కన నేనూ కూర్చున్నాను. ఆ ఐదు గంటల ప్రయాణంలో చూసినవి, విన్నవి, నేర్చుకున్నవి పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

రాయచోటి ప్రాంతం వారికి కువైటును పరిచయం చేయనక్కరలేదు. మా వీధిలో కువైటు ముఖం చూడని మగవాళ్ళున్న ఇళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆడవాళ్ళు సైతం ఇళ్ళలో వంటకు, పిల్లల పెంపకానికి వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఎన్నో. అబ్బా 2002లో కడప స్టేషనులో బొంబాయి రైలెక్కి, అక్కడినుంచి విమానంలో వెళ్ళారు. ఖాదిమ్ వీసా మీద ఒక ఇంట్లో కారు డ్రైవరు. ఉదయం పిల్లలను బడికి దింపడంతో మొదలై, రాత్రి సేఠు దీవానియా నుంచి తిరిగివచ్చే దాకా ఆయన కాలు క్లచ్చు, బ్రేకుల మీదే. రెండేళ్ళకొకసారి సెలవు. ఆ సెలవుకు వచ్చేటప్పుడల్లా ఇరుకు సీటులో మోకాళ్ళు ముడుచుకుని ప్రయాణం. గత నాలుగేళ్ళుగా ఆ మోకాళ్ళు ఆయన మాట వినడం మానేశాయి.

నేను ఆరేళ్ళుగా అక్కడే ఒక సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. అబ్బా వెళ్ళిపోయే తేదీ ఖాయమైన రోజున నేను రెండు బిజినెస్ క్లాస్ టిక్కెట్లు కొన్నాను. ఒక్కొక్కటీ మామూలు టిక్కెట్టుకు దాదాపు మూడింతలు. ఆ ధర చెబితే అబ్బా ససేమిరా ఒప్పుకోరు. మేడ మీద గదికి స్లాబు వేయించే పని రెండేళ్ళుగా ఆగి ఉంది. అందుకని "మా ఆఫీసు వాళ్ళు ఇచ్చారు అబ్బా, మన డబ్బు కాదు" అన్నాను. మంచి కోసమే కదా అనుకున్న అబద్ధం అంత తేలికగా నోటినుంచి వస్తుందని అప్పుడే తెలిసింది.

విమానాశ్రయంలో అబ్బా అలవాటు చొప్పున పొడవాటి వరుస చివర నిలబడ్డారు. అట్టపెట్టెల మీద పేర్లు రాసుకున్నవాళ్ళు, వాటికి తాళ్ళు బిగిస్తున్నవాళ్ళు, బరువు ఎక్కువైందని పెట్టె విప్పి సబ్బులు, పాలపొడి డబ్బాలు బయటకు తీస్తున్నవాళ్ళు. ఇరవై మూడేళ్ళు ఆయన నిలబడిన వరుస అదే. నేను వెళ్ళి చేయి పట్టుకుని పక్కనున్న ఖాళీ కౌంటరు వద్దకు తీసుకువచ్చాను. అక్కడి ఉద్యోగి పాస్‌పోర్టు చూసి, లేచి నిలబడి, ఆయనను పేరుతో పలకరించి, చివర గౌరవవాచకం కూడా చేర్చాడు. అబ్బా వెనక్కి తిరిగి చూశారు. తన వెనుక ఆ పేరుగలవారు ఇంకెవరైనా ఉన్నారేమోనని!

లాంజ్ అనే విశ్రాంతి గదిలో మెత్తటి కుర్చీలు, వేడి వంటకాలు, నమాజుకు వేరే గది ఉన్నాయి. అబ్బా ఒక పళ్ళెంలో రెండు సమోసాలు, కాసిని ఖర్జూరాలు పెట్టుకుని మూలగా కూర్చున్నారు. "ఇంకేమైనా తీసుకోండి" అన్నాను. "దీనికి ఎంత అవుతుంది?" అని అడిగారు. టిక్కెట్టులోనే కలిసి ఉంటుందని చెప్పాను. "అయితే ఆఫీసు వాళ్ళు పెద్ద మనసున్నవాళ్ళే" అని నా ముఖంలోకి చూశారు. నేను ఫోను చూసుకున్నాను.

బిజినెస్ క్లాస్ అన్నది మనం అనుకున్నంత పాతది కాదు. అంతకుముందు విమానంలో రెండే తరగతులు ప్రధానంగా ఉండేవి: ఒకటి ఫస్ట్ క్లాస్, రెండోది మామూలు తరగతి. 1970లలో తగ్గింపు ధరల టిక్కెట్లు పెరిగాక, పూర్తి ధర చెల్లించి పనుల మీద తిరిగేవాళ్ళు తమకు దక్కే ప్రత్యేకత ఏమిటని అడగసాగారు. వాళ్ళ కోసం 1978 ప్రాంతంలో అమెరికాకు చెందిన పాన్ ఆమ్ వంటి సంస్థలు విడిగా కొన్ని వరుసలు కేటాయించాయి. 1979లో ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్ బిజినెస్ క్లాస్ అనే పేరుతోనే దానిని ప్రవేశపెట్టింది. పడక మాదిరిగా పూర్తిగా వాలే సీటును 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఈ తరగతిలోకి తెచ్చింది. ప్రకటనలలో మనం చూసే తెల్లటి దుప్పటి, పరుపు అప్పటినుంచి వచ్చినవే.

అయితే ఆ ప్రకటనలు చూసి టిక్కెట్టు కొనేవారు ఒక సంగతి గమనించాలి. ఆసియాలో నాలుగైదు గంటల దూరాలకు తిరిగే విమానాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. రెండు నడవలున్న పెద్ద విమానమైతే పడుకునే సీటు దొరికే అవకాశం ఎక్కువ. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 వంటి ఒకే నడవ గల విమానాలలో చాలావరకు వెడల్పాటి వాలుకుర్చీ మాత్రమే ఉంటుంది. టిక్కెట్టు మీద మాత్రం రెండింటికీ ఒకటే పేరు. కొనేముందు విమానం రకమేమిటో, సీట్ల పటం ఎలా ఉందో చూసుకోవాలి. లెక్కలు చూడడమే వృత్తి అయిన నేను ఆ ఒక్కటి చూడలేదు. లోపల అడుగుపెట్టేసరికి అటు రెండు, ఇటు రెండు చొప్పున మూడు వరుసలు, పన్నెండు వాలుకుర్చీలు. అబ్బా కాళ్ళు చాపుకుని పడుకుంటారని నేను ఊహించుకున్న పడక అక్కడ లేదు.

నా నిరుత్సాహం అబ్బాకు తెలియదు. ఆయన కూర్చుని నెమ్మదిగా కాళ్ళు ముందుకు చాపారు. ముందు సీటు తగలలేదు. ఇంకాస్త చాపారు. అప్పటికీ తగలలేదు. మామూలు తరగతిలో ఒక సీటుకు, దాని ముందు సీటుకు మధ్య దూరం ముప్పై, ముప్పై రెండు అంగుళాలు ఉంటే, ఇక్కడ అంతకంటే ఎంతో ఎక్కువ. ఆయన రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని "అల్‌హమ్దులిల్లాహ్" అన్నారు. సరిగ్గా అప్పుడే మిగిలిన ప్రయాణికులు ఎక్కడం మొదలుపెట్టారు. సంచులు భుజాన వేసుకుని, ఒదిగి ఒదిగి మా పక్కనుంచి వెనక్కి నడుస్తున్నారు. అబ్బా చాపిన కాళ్ళను గబుక్కున వెనక్కి లాక్కున్నారు. చివరి మనిషి దాటిపోయే దాకా మళ్ళీ చాపలేదు.

విమానం లేచాక సిబ్బందిలో ఒకరు వచ్చి మా వరుసలకూ వెనుక వరుసలకూ మధ్యనున్న తెర లాగారు. వేడి తువ్వాలు వచ్చింది. చిన్న గిన్నెలలో అరబ్బీ గహ్వా, ఖర్జూరాలు వచ్చాయి. తరువాత తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద గాజు, పింగాణీ పాత్రలలో భోజనం. అబ్బా బిస్మిల్లాహ్ అని ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువైంది" అన్నారు. తప్పు వంటవాడిది కాదు. విమానం లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంతే ఉంటుంది. గాలిలో తేమ ఇరవై శాతానికి లోపే. ఆ పొడి గాలికి ముక్కు, నాలుక మొద్దుబారి ఉప్పు, తీపి సరిగా తెలియవు. ఎంత ఖరీదైన సీటైనా ఈ నియమం మారదు. అందుకే విమానంలో మంచినీళ్ళు తరచుగా తాగాలి.

మన కుటుంబాలవారు ముందే తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. మేమెక్కిన విమానంలో మద్యం లేదు. సౌదియా, కువైట్ ఎయిర్‌వేస్, రాయల్ బ్రూనై సంస్థలు తమ విమానాలలో మద్యం వడ్డించవు. మిగిలిన చాలా సంస్థల బిజినెస్ క్లాస్‌లో మాత్రం కూర్చోగానే ముందుకు వచ్చే పళ్ళెంలో పళ్ళరసం పక్కనే మద్యం కూడా ఉండవచ్చు. అడిగి తీసుకోవడంలో మొహమాటం అక్కరలేదు. కొన్ని తీపి వంటకాలలో, మాంసపు పులుసులలో సైతం మద్యం కలుపుతారు. టిక్కెట్టు తీసుకునేటప్పుడే ముస్లిం భోజనం కావాలని నమోదు చేయించుకుంటే ఆ చింత ఉండదు. సాధారణంగా బయలుదేరడానికి ఇరవైనాలుగు గంటల ముందైనా చెప్పాలి.

భోజనం అయ్యాక అబ్బా లేచి, తెర తొలగించుకుని వెనక్కి వెళ్ళారు. పావుగంట అయినా రాలేదు. వెళ్ళి చూస్తే పదో వరుస దగ్గర నిలబడి ఉన్నారు. పుల్లంపేట వైపునుంచి వచ్చి, నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో వంట చేసి, మొదటిసారి సెలవు మీద వెళుతున్న ఒక ఆడమనిషితో మాట్లాడుతున్నారు. ఆమె పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. మంచినీళ్ళు అడగడానికి భాష రాక మొహమాటపడి కూర్చుంది. అబ్బా సిబ్బందిని పిలిచి అరబ్బీలో చెప్పి నీళ్ళు తెప్పించారు. "అమ్మా, లేచి నాలుగడుగులు నడువు. ఎవరూ ఏమనరు. ఈ దారి అందరిదీ" అని ఆమెకు చెప్పారు. ఆమె లేచి, సీట్ల వీపులు పట్టుకుంటూ వెనుక చివరి దాకా నడిచి వచ్చింది.

అబ్బా తెలియకుండానే సరైన వైద్య సలహా ఇచ్చారు. నాలుగు గంటలు, అంతకుమించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాళ్ళలోని సిరల్లో నెత్తురు గడ్డకట్టే ప్రమాదం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. అంతటి ప్రమాదం మొత్తంమీద అరుదైనదే. కానీ అది విమానంలోనే కాదు, బస్సులో, రైలులో, కారులో కూర్చున్నా వస్తుంది. ఖరీదైన సీటులో కదలకుండా కూర్చున్నవారికీ వస్తుంది. గంటకొకసారి లేచి నడవడం, కూర్చున్నచోటనే మడమలు పైకి కిందికి ఆడించడం, నీళ్ళు తాగడం దీనికి విరుగుడు. ఈ మూడింటికీ టిక్కెట్టు ధరతో పని లేదు. వయసు మళ్ళినవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు మాత్రం ప్రయాణానికి ముందు వైద్యుని సలహా తీసుకోవాలి.

తిరిగి వచ్చి కూర్చున్నాక అబ్బా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "ఈ పొద్దు నన్ను నాలుగుసార్లు పేరు పెట్టి పిలిచినారు. ఇన్నేళ్ళలో ఏ విమానాశ్రయంలోనూ ఒక్కరూ పిలవలేదు. నేను మారలేదు కదా, సీటే కదా మారింది. ఆ యమ్మకు ఒక గ్లాసు నీళ్ళు అడగనీకి నోరు రాలేదు చూడు." దానికి నా దగ్గర జవాబు లేదు. విశాలమైన సీటుకు ధర ఉండవచ్చు. వేడి భోజనానికి, మెత్తటి దుప్పటికి ధర ఉండవచ్చు. మనిషిని మనిషిగా పలకరించడాన్ని కూడా ఆ ధరలోనే కలిపి అమ్ముతున్నారని నాకు అప్పుడు తోచింది.

ఆయన వాలుకుర్చీని వెనక్కి వాల్చుకుని నిద్రపోయారు. పడక కాకపోయినా, మూడు గంటల సేపు మోకాలి నొప్పికి ఒక్కసారీ మేలుకోలేదు. ఆ నిద్ర కోసమైతే పెట్టిన డబ్బుకు నేను చింతించలేదు.

పశ్చిమ తీరం సమీపిస్తుండగా తూర్పున తెల్లని చార కనిపించింది. తూర్పుకు ఎగిరే విమానంలో తెల్లవారుజాము త్వరగా వచ్చి త్వరగా పోతుంది. ఫజ్ర్ సమయం చేయి జారకుండా మెలకువగా ఉండాలి. అబ్బా లేచి, తరువాతివారికి ఇబ్బంది లేకుండా గుప్పెడు నీళ్ళతో వుజూ చేసుకుని, తొట్టి చుట్టూ పడ్డ చుక్కలను కాగితంతో తుడిచి వచ్చారు. ముందు తలుపు పక్కనున్న కాస్త చోటులో నమాజు చేసుకోవచ్చా అని సిబ్బందిని అడిగారు. సీటు బెల్టు గుర్తు వెలగనంత వరకు చేసుకోవచ్చని చెప్పారు. విమానం ఆగ్నేయ దిశగా పోతోంది. మక్కా మా వెనుక, పడమటి వైపున ఉంది. ఖిబ్లా వైపు తిరగాలంటే విమానం తోక వైపు, అంటే తెర వైపు తిరగాలి. అబ్బా తెర వైపు తిరిగి నిలబడి నమాజు చేశారు. ఆయన తరువాత నేనూ చేశాను.

సలాం చెప్పి సీటులోకి వచ్చాక ఇక ఆ అబద్ధాన్ని మోయలేకపోయాను.

"అబ్బా, ఈ టిక్కెట్లు ఆఫీసు వాళ్ళు ఇచ్చినవి కావు. నేనే కొన్నాను."

"తెలుసు" అన్నారు. "వాళ్ళు ఊరికే ఇచ్చినవైతే, బాగుందా బాగుందా అని నువ్వు ఇన్నిసార్లు అడగవు."

ధర ఎంతో చెప్పాను. ఆయన కిటికీ వైపు చూస్తూ కాసేపు లెక్క వేసుకున్నారు. కోపగించుకుంటారనుకున్నాను. గొంతు పెంచలేదు.

"నా సీటు సరే. నా మోకాళ్ళకని కొన్నావు, అల్లాహ్ నీకు మేలు చేయుగాక. నీ సీటు ఎవరి మోకాళ్ళకు కొన్నావు?"

నేను తల దించుకున్నాను. ఆయనకు తోడుగా ఉండాలని కొన్నానని చెప్పబోయాను. కానీ తెర వెనుక పదో వరుసలో ఉన్నా తోడు ఉండవచ్చు. నిజానికి, ఒక్కసారైనా అక్కడ కూర్చోవాలన్న కోరిక నాలోనూ ఉంది. దానికి సేవ అనే పేరు పెట్టుకున్నాను. అవసరానికి పెట్టిన ఖర్చు, దుబారా రెండూ ఒకే బిల్లులో, పక్కపక్క సీట్లలో కూర్చున్నాయి.

"మీ అమ్మీ ఇంతవరకు విమానమే ఎక్కలేదు" అన్నారు అబ్బా. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు.

అప్పటికి వెలుగు పరుచుకుంది. ఎదుటి తెర మీది పటంలో మా విమానం బెంగళూరు దాటి మదనపల్లె వైపు వస్తున్నట్టు కనిపించింది. కువైటు నుంచి చెన్నైకి సుమారు 3,800 కిలోమీటర్ల దారి. దాని చివరి అంచు మన రాయలసీమ మీదుగానే పోతుంది. అబ్బా నుదురు అద్దానికి ఆనించి కిందికి చూశారు. ఎర్రటి నేల, బోడి గుట్టలు, వాటి మధ్య అక్కడక్కడా మెరుస్తున్న చెరువులు. "ఇన్నేళ్ళూ మధ్య సీటో, నడవ పక్కనో ఇచ్చేవాళ్ళు. మన సీమను పైనుంచి చూడడం ఇదే" అన్నారు. మా ఊరు ఆ గుట్టలకు ఉత్తరాన ఎక్కడో ఉంది. దాని మీద దిగడానికి వీల్లేదు. దాన్ని దాటి చెన్నైలో దిగి, తిరుపతి, పీలేరు మీదుగా కారులో మళ్ళీ వెనక్కి రావాలి.

చెన్నైలో మా పెట్టెలు అందరికంటే ముందు వచ్చాయి. ముందుగా దించాలన్న చీటీ వాటికి కట్టి ఉంది. పెట్టెలు బండి మీద పెట్టి బయలుదేరబోతే అబ్బా కదలలేదు. ఆ పుల్లంపేట ఆమె అట్టపెట్టె వచ్చే దాకా, దాదాపు నలభై నిమిషాలు, నిలబడి ఉన్నారు. పెట్టె వచ్చాక నేనూ ఆయనా చెరొక వైపు పట్టి దించాము. ఆ ఒక్క పనికి మాత్రం నేను ఆయన పక్కన ఉండడం పనికివచ్చింది.

ఎవరైనా నన్ను ఇప్పుడు అడిగితే ఇలా చెబుతాను. నాలుగైదు గంటల ప్రయాణానికి బిజినెస్ క్లాస్ ఆరోగ్యవంతులకు అవసరం కాదు. పెద్దవాళ్ళకు, నొప్పులున్నవాళ్ళకు, అప్పు చేయకుండా కొనగలిగితే, అది మంచి కానుక. కొంటే ఎవరి కోసం కొంటున్నామో, ఎంత పెట్టామో ఇంట్లో దాచకుండా చెప్పి కొనాలి. కొనలేకపోతే చిన్నబుచ్చుకోనక్కరలేదు. నీళ్ళు, నడక, పక్కనున్న మనిషిని పేరు అడిగి పలకరించడం తెరకు ఏ వైపునైనా చేయవచ్చు.

ఆ మధ్యాహ్నం రాయచోటిలో ఇంటి గడప దగ్గర అమ్మీ ఎదురువచ్చి, "ప్రయాణం ఎట్లా జరిగింది?" అని అడిగింది. అబ్బా వరండాలోని నులక మంచం మీద కూర్చుని, కాళ్ళు నిండా చాపుకుని, "బాగా జరిగింది. ఈసారి నువ్వు రావాల" అన్నారు.

మేడ మీద స్లాబుకు ముందు ఉమ్రాకు మూడు మామూలు టిక్కెట్లు కొనాలని ఆ రాత్రి అందరం కలిసి లెక్క వేసుకున్నాము. ఈసారి ధర పైకి చదివి వినిపించాను. అమ్మీ ఒక్కటే అడిగింది: కిటికీ పక్క సీటు దొరుకుతుందా అని.